ఎర్రనల్లి దాక్కుంటే వేటనల్లికి లాభమా, నష్టమా? హఫేకర్ నారింజ పండ్ల ప్రయోగం ఆధారంగా ఒక కేస్ స్టడీ

పాలీహౌస్‌లో ఆకు రసం పీల్చే ఎర్రనల్లిని తినడానికి వేటనల్లులను వదిలాక సాధారణంగా రెండు ఫిర్యాదులు వస్తాయి. ఒకటి: వదిలినవి ఎర్రనల్లినంతా ఊడ్చేశాయి, తర్వాత తిండి లేక అవీ పోయాయి, కొన్ని వారాలకు ఎర్రనల్లి మళ్లీ కమ్మేసింది. రెండు: వేటనల్లి కనబడుతూనే ఉంది, ఎర్రనల్లీ ఉంది, అది తగ్గదు, ఇది పెరగదు. రెండింటికీ మందు ఒకటే అనుకుని ఇంకో విడత వేటనల్లులను కొని వదులుతారు. అంతకు ముందు చూడాల్సింది వేరే ఉంది. ఎర్రనల్లిలో ఎంత భాగం వేటనల్లికి అందకుండా ఉంది? అది ఏ పద్ధతిలో అందకుండా ఉంది?

ఈ ప్రశ్నను నల్లుల మీదే పరీక్షించిన ప్రయోగం ఒకటి చాలా ప్రసిద్ధం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో కీటక శాస్త్రవేత్త కార్ల్ హఫేకర్ చేసి 1958లో ప్రచురించినది. జీవావరణ శాస్త్ర పాఠాల్లో దీన్ని ‘చాటు ఉంటే రెండు జాతులూ బతుకుతాయి’ అన్న ఒక్క వాక్యానికి కుదించేస్తారు. ఆ వాక్యాన్ని నమ్ముకుని తోటలో పని మొదలుపెడితే దెబ్బతినడం ఖాయం. అక్కడ అసలు జరిగింది మూడు వేర్వేరు మార్పులు. వాటిని విడదీసి లెక్కగట్టడమే ఈ కేసు ఉద్దేశం.

ప్రయోగం అమరిక

ఎర (వేటకు గురయ్యేది): ఆరు చుక్కల నల్లి, ఇయోటెట్రానికస్ సెక్స్‌మాక్యులేటస్. నారింజ తొక్క మీద రసం పీల్చి బతుకుతుంది. వేటాడేది: అప్పట్లో టిఫ్లోడ్రోమస్ ఆక్సిడెంటాలిస్ అని, ఇప్పుడు గాలెండ్రోమస్ ఆక్సిడెంటాలిస్ అని పిలిచే నల్లి. వేదిక: నలభై స్థానాలున్న ట్రే. కొన్ని స్థానాల్లో నారింజ పండ్లు, మిగతా వాటిలో అదే సైజు రబ్బరు బంతులు. బంతి మీద ఎరకు తిండి లేదు కాబట్టి పండ్ల మధ్య దూరాన్ని కావలసినట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పండును కాగితంతో చుట్టి, మైనంతో మూసి, లెక్క ప్రకారం కొంత తొక్కను మాత్రమే బయటికి ఉంచేవారు.

మొదటి అమరికలో సగం తొక్క తెరిచిన నాలుగు పండ్లను పక్కపక్కన పెట్టారు. అంటే మొత్తం మేత రెండు పండ్ల విస్తీర్ణం. 20 ఆడ ఎరనల్లులతో మొదలుపెట్టి, 11 రోజుల తర్వాత 2 ఆడ వేటనల్లులను వదిలారు. ఎర పెరిగింది, వేటనల్లి పెరిగింది, ఎర దాదాపు అంతరించింది, వేటనల్లి ఆకలితో చచ్చింది. అంతటితో కథ అయిపోయింది.

తర్వాత అదే రెండు పండ్ల మేతను ముక్కలు చేశారు. పదో వంతు తెరిచిన 20 పండ్లు, ఆ తర్వాత ఇరవయ్యో వంతు తెరిచిన 40 పండ్లు. ముక్కలు చేసినంత మాత్రాన వేటనల్లి నిలవలేదు. కొంత ఆలస్యమైంది, అంతే. చివరకు పని చేసిన అమరికలో ఇరవయ్యో వంతు తెరిచిన 120 పండ్లున్నాయి, అంటే ఆరు పండ్ల మేత. పండ్ల మధ్య వాసెలిన్ గీతలు. పైగా అక్కడక్కడా నిలబెట్టిన చిన్న చెక్క పుల్లలు. ఎరనల్లి ఆ పుల్ల ఎక్కి, పట్టుదారం వదిలి, ఫ్యాన్ గాలికి తేలి ఇంకో పండు మీద వాలగలదు. ఈ వేటనల్లికి ఆ అలవాటు లేదు, వాసెలిన్‌ను చుట్టి నడిచే రావాలి. ఈ చిక్కుదారిలో ఎరా వేటనల్లీ కలిసి ఎనిమిది నెలల పాటు మూడు పూర్తి ఎత్తుపల్లాలు చూపించాయి. 1963లో హఫేకర్ బృందం 252 పండ్లకు పెంచి ఆ సహజీవనాన్ని ఇంకా ఎక్కువ కాలం నడిపింది.

ఇందులో చాటు ఏది?

చాలామంది కాగితం చుట్టిన భాగాన్ని చాటు అనుకుంటారు. కాదు. మైనంతో మూసిన కాగితం కిందికి ఎర కూడా వెళ్లలేదు. కాగితం చేసిన పని మేతను తగ్గించడం. పండుకి ఎన్ని ఎరనల్లులు పట్టగలవో ఆ పైమితిని దించింది. చాటు పని చేసినవి వాసెలిన్, పుల్లలు, గాలి. అవి కలిసి, వేటనల్లి ఇంకా చేరని పండ్లు ఏ రోజు చూసినా కొన్ని ఉండేలా చేశాయి. ఒక పండు శాశ్వతంగా చాటు కాదు. ఈ వారం చాటుగా ఉన్నది వచ్చే వారం వేటకు మైదానం. ఇక మూడో మార్పు అంతగా కంటబడదు: పండ్ల సంఖ్య మూడింతలై, వాటి మీద పట్టే మొత్తం నల్లుల సంఖ్య కూడా పెరిగింది.

ఒక్కో పండుకి మేత తగ్గడం, చేరిక ఆలస్యం కావడం, జనాభా పెరగడం. ఏది ఎంత పని చేసిందో ప్రయోగం విడివిడిగా చెప్పదు. చెప్పించాలంటే నమూనా లెక్క వేయాలి.

నమూనాలో అంకెలు

కింది అంకెలు లెక్క కోసం ఎంచుకున్నవి. ఏ పండు మీదా కొలిచినవి కావు, ఎర్రనల్లికి, దాన్ని తినే నల్లికి నప్పే స్థాయిలో పెట్టుకున్నవి. ఒక మొక్కల బల్లను యూనిట్‌గా తీసుకుందాం.

ఎర రోజుకు 0.25 వంతున పెరుగుతుంది, బల్ల మీద గరిష్ఠంగా 1000 పడతాయి. ఆ మితికి దగ్గరయ్యే కొద్దీ పెరుగుదల మందగిస్తుంది. ఒక వేటనల్లి ఎంత తిండి ఉన్నా రోజుకు 20 ఎరల కంటే తినలేదు. అందుబాటులో 150 ఉన్నప్పుడు ఆ 20లో సగం, అంటే 10, తింటుంది. 50 ఎరలు తింటే ఒక కొత్త వేటనల్లి ఎదుగుతుంది. వేటనల్లులు రోజుకు పదో వంతు చచ్చిపోతాయి.

దీన్నిబట్టి ఒక వేటనల్లి తన స్థానంలో ఇంకొకటి మిగిల్చి పోవాలంటే రోజుకు 5 ఎరలు దొరకాలి. అందుబాటులో ఉన్న ఎరలు 50 అయినప్పుడు సరిగ్గా 5 దొరుకుతాయి: 20ని 50తో గుణించి, 150, 50 కలిపిన 200తో భాగిస్తే 5. ఈ 50 అన్న అంకెను గుర్తుంచుకోవాలి. చాటు ఎంత పెంచినా వేటనల్లికి బయట కనబడాల్సింది 50. చాటులో ఉన్నవి దానికి అదనం.

చాటు లేకపోతే: సమతూకం 50 ఎరలు, 2.4 వేటనల్లులు. కానీ ఈ సమతూకం నిలవదు. 1000 పట్టే బల్ల మీద 50 దగ్గర ఆపాలంటే వేటనల్లి ముందుగానే తగ్గాలి, అది ఎప్పుడూ ఆలస్యంగానే తగ్గుతుంది. కంప్యూటర్‌లో లెక్క నడిపితే ఎర 900 దాకా ఎక్కి, వేటనల్లి పదిహేను దాకా పెరిగి, ఆ తర్వాత ఎర ఒకటి కంటే ఎంతో కిందికి, భిన్నాల్లోకి పడిపోతుంది. కంప్యూటర్ మాత్రం ఆ భిన్నం నుంచి మళ్లీ జనాభాను లేపి చూపిస్తుంది. బల్ల మీద అర నల్లి ఉండదు. హఫేకర్ మొదటి ట్రేలో జరిగింది ఇదే.

వాటా చాటు, సంఖ్య చాటు

చాటు రెండు రకాలు. మొదటిదాంట్లో, ఎర ఎంత ఉన్నా అందులో ఒక వాటా దాగి ఉంటుంది. ఎర పెరిగితే దాగినవీ పెరుగుతాయి. ఎర్రనల్లి గూడు కట్టే దారాలు దీనికి మంచి ఉదాహరణ: నల్లి ఎక్కువైతే దారమూ ఎక్కువే. రెండోదాంట్లో, చోటు ఇంతే. పగుళ్లలో పదమూడు పడతాయంటే పదమూడే, పద్నాలుగోది బయట ఉండాల్సిందే.

వాటా చాటుకు లెక్క ఇలా వస్తుంది:

| చాటులో ఉన్న వాటా | సమతూకంలో ఎర | సమతూకంలో వేటనల్లి | ఫలితం |
|---|---|---|---|
| 0 | 50 | 2.4 | ఊగిసలాట, అంతం |
| 50 శాతం | 100 | 4.5 | ఊగిసలాట |
| 75 శాతం | 200 | 8 | సరిహద్దు |
| 90 శాతం | 500 | 12.5 | స్థిరం |
| 93 శాతం | 714 | 10.2 | స్థిరం |
| 95 శాతం | 1000 | 0 | వేటనల్లి పోతుంది |

ఎర నిలువు వరసలో పైనుంచి కిందికి పెరుగుతూనే పోతుంది. వేటనల్లి వరస మాత్రం ఎక్కి దిగుతుంది. ఎర తన గరిష్ఠ మితిలో సగం దగ్గర ఉన్నప్పుడు రోజూ పుట్టే ఎరలు అన్నిటికంటే ఎక్కువ, అందుకే అక్కడే వేటనల్లి కూడా ఎక్కువ. చాటు పెరిగితే వేటాడేదానికి నష్టం అన్నది పైపై ఆలోచన. 0 నుంచి 90 శాతం దాకా ఎరతో పాటు వేటనల్లికి కూడా లాభమే, 90 దాటాకే నష్టం. అయితే 93 నుంచి 95కి వెళ్లేసరికి 10 నుంచి సున్నాకు పడిపోయింది చూశారా, ఆ అంచు చాలా నిటారు. ఆ దగ్గర్లో ఉన్న తోటలో చిన్న మార్పుకే వేటనల్లి మాయమవుతుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు.

ఇప్పుడు సంఖ్య చాటు. అవే అంకెలు, బల్లకు కేవలం 13 ఎరలు పట్టే చాటు. సమతూకం 63 ఎరలు, సుమారు 3 వేటనల్లులు, పైగా స్థిరం. 12 అయితే ఊగుతుంది, 13 అయితే ఊగిసలాట మెల్లగా అణగుతుంది. వాటా చాటుతో స్థిరత్వం కొనడానికి ఎరను 50 నుంచి 200కు పెంచుకోవాల్సి వచ్చింది, సంఖ్య చాటుతో 63కే దొరికింది. కారణం తేలిక. ఎర బాగా పడిపోయినప్పుడు సంఖ్య చాటు దాదాపు అన్నిటినీ కాపాడుతుంది, ఎర ఎక్కువైనప్పుడు దాదాపు దేన్నీ కాపాడదు. అవసరమైనప్పుడే అడ్డు వస్తుంది. వాటా చాటు ఎప్పుడూ ఒకే లెక్కన అడ్డు వస్తుంది, ఎర 10 ఉన్నా 900 ఉన్నా. తిండికి పరిమితీ కడుపుకు హద్దూ లేవనుకునే పాత లోట్కా–వోల్టెరా లెక్కలోనైతే (ఎర, వేటాడే జీవి సంఖ్యలకు వేసిన తొలి గణిత నమూనా) వాటా చాటు స్థిరత్వాన్ని అసలు మార్చదు, సమతూకాన్ని మాత్రమే జరుపుతుంది. సంఖ్య చాటు అక్కడా ఊగిసలాటను అణచేస్తుంది.

ఒక షరతు ఉంది. ఈ లెక్కలో చాటులోని 13 నల్లులూ తింటూ, పిల్లలు పెడుతూ ఉన్నాయి, మిగులు బయటికి వస్తోంది. దాక్కున్నవి తిండి మానేసి ముడుచుకుని ఉంటే ఆ 13 పనికిరావు. చాటు పరిమాణం కంటే చాటులోంచి రోజుకు ఎన్ని బయటపడుతున్నాయన్నదే వేటనల్లి ప్రాణాన్ని తేలుస్తుంది.

మేత తగ్గిస్తే చాటే అక్కర్లేదు

కాగితం సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. చాటు సున్నా అనుకుని, బల్లకు పట్టే గరిష్ఠ ఎరను 1000 నుంచి దించుతూ పోతే, 250 దగ్గర ఊగిసలాట ఆగిపోతుంది. అప్పుడు సమతూకం 50 ఎరలు, 2 వేటనల్లులు. ఎర పెరగలేదు, స్థిరత్వం వచ్చింది! వాటా చాటుతో పోలిస్తే ఇది ఎంత చౌకో చూడండి.

తిరగేసి చూస్తే, మేత పెంచి గరిష్ఠ మితిని 2000 చేస్తే, వాటా చాటు 75 శాతం చాలదు, 87.5 దాటాలి. మేత పెరిగితే వ్యవస్థ కూలే అవకాశం పెరుగుతుందని మైఖేల్ రోసెన్‌జ్వీగ్ 1971లోనే చూపించారు. సంఖ్య చాటుకు మాత్రం ఈ మార్పు పెద్దగా పట్టదు, 13 బదులు 15 కావాలి, అంతే.

ప్రయోగశాలలో దీనికి చక్కని జోడీ పారమీషియం, దాన్ని మింగే డిడీనియం అనే రెండు ఏకకణ జీవులు. లియో లకిన్‌బిల్ 1973లో నీటికి మిథైల్ సెల్యులోజ్ కలిపి చిక్కగా చేసి, రెండు జీవులూ ఎదురుపడటాన్ని మందగింపజేశారు. ఆ ఒక్కదానితో కొన్ని ఊగిసలాటల తర్వాత అంతం వచ్చింది. ఎదురుపాటు మందగించడంతో పాటు పోషక ద్రవాన్ని సగానికి తగ్గించినప్పుడే సహజీవనం చాలాకాలం నిలిచింది. హఫేకర్ కాగితం, లకిన్‌బిల్ సగం ద్రవం, రెండూ ఒకే మీట.

గొట్టంలో మూడు జీవులు

మరి మాస్కోలో జీవశాస్త్రవేత్త గియోర్గి గౌజె 1934లో చాటు ఇచ్చి చూసినప్పుడు డిడీనియం ఎందుకు చచ్చింది? గొట్టం అడుగున మడ్డి ఉంచారు. పారమీషియం అందులో దూరగలదు, డిడీనియం పైన తేటనీటిలోనే తిరుగుతుంది. పైన ఉన్నవన్నీ తిని డిడీనియం ఆకలితో పోయింది, మడ్డిలోంచి వచ్చిన పారమీషియం గొట్టం నిండా పెరిగింది. మడ్డి లేని గొట్టాల్లో రెండూ పోయాయి. బయటి నుంచి అప్పుడప్పుడు ఒకటీ అరా కొత్త జీవులను వేస్తూ ఉంటేనే ఎత్తుపల్లాలు కొనసాగాయి. పైగా మడ్డి ఉన్న గొట్టాలన్నిటా ఒకే ఫలితం రాలేదు.

మడ్డి సంఖ్య చాటు కదా, మన లెక్క ప్రకారం స్థిరంగా ఉండాలి. కానీ మన లెక్కలోని స్థిర సమతూకంలో వేటనల్లులు మూడు. కాగితం మీద 3 అంటే నిలకడైన అంకె. అర మిల్లీలీటరు ద్రవంలో 3 అంటే మూడు ప్రాణాలు, ఒక దురదృష్టపు పూటలో మూడూ పోవచ్చు. పోయాక సున్నా నుంచి తిరిగి రావడం లేదు. సమతూకం స్థిరమా కాదా అన్న ప్రశ్నకు పక్కనే ఆ సమతూకంలో తలలెన్ని అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. హఫేకర్ నాలుగు పండ్ల నుంచి 120కి వెళ్లడం వెనక ఉన్న బలం ఇదే. ఒక మూల మూడూ పోయినా, ఇంకో మూల నుంచి ఒకటి నడిచి వస్తుంది.

చాటును కొలవడం

తోటలోగానీ ప్రయోగశాలలోగానీ చాటు వాటాను తెలుసుకునే పద్ధతి ఒకటే: చాటు ఉన్న ఆకు మీద, లేని ఆకు మీద వేటనల్లి ఎంత తింటుందో పోల్చడం.

పెట్రీ డిష్‌లో తడి దూది పరిచి, దాని మీద అలసంద లేదా చిక్కుడు ఆకు ముక్కను అడుగుభాగం పైకి వచ్చేలా పరవాలి. దూది తడి నల్లులను ఆకు దాటనివ్వదు. కొన్ని ముక్కల మీద ఎర్రనల్లి ఆడవాటిని రెండు రోజులు వదిలి గుడ్లూ దారమూ పెట్టనిచ్చి తీసేయాలి. మిగతా వాటిలో అన్ని గుడ్లనే సన్నని కుంచెతో మార్చి, దారం లేకుండా ఉంచాలి. 24 గంటలు పస్తు పెట్టిన ఆడ వేటనల్లిని ఒక్కోదానిపై ఒకటి వదలాలి. తిన్న గుడ్డు ముడుచుకుపోయిన పొరగా మిగులుతుంది, పది రెట్ల లెన్స్ కింద స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు గుడ్లు ఎక్కువ పెట్టడం. పై నమూనా అంకెలతోనే చూడండి. సగం ఎర చాటులో ఉందనుకుందాం. ఎర 600 ఉన్నప్పుడు చాటు లేకుండా రోజుకు 16 తింటుంది, చాటుతో 13.3. తగ్గుదల 17 శాతమే! ఈ ఫలితం చూసినవారు ‘దారం పెద్ద అడ్డేమీ కాదు’ అని రాసేస్తారు. అదే ఎర 50 ఉన్నప్పుడు 5కి బదులు 2.9 తింటుంది, తగ్గుదల 43 శాతం, అసలైన 50కి దగ్గర. కడుపు నిండిన వేటనల్లికి చాటు లెక్కలోకి రాదు. కాబట్టి గుడ్లు తక్కువ పెట్టాలి. తక్కువ పెడితే అవి త్వరగా అయిపోతాయి కాబట్టి పరీక్షను నాలుగైదు గంటలకే ముగించాలి, లేదా తిన్నవాటి స్థానంలో కొత్తవి పెడుతూ ఉండాలి.

చాటు వాటా రకమా, సంఖ్య రకమా అన్నది తోట లెక్కల నుంచే తేలుతుంది. వేర్వేరు తీవ్రత ఉన్న మొక్కలను తీసుకుని, ఒక్కో మొక్కపై మొత్తం ఎర ఎంత, అందులో దారం కిందా, పగుళ్లలోనూ ఉన్నది ఎంత అని లెక్కించి గ్రాఫ్ కాగితంపై చుక్కలు పెట్టాలి. చుక్కలు సున్నా నుంచి ఏటవాలుగా లేస్తే వాటా చాటు, కొంతదూరం లేచి చదునైతే సంఖ్య చాటు. నిజమైన తోటల్లో రెండూ కలిసే ఉంటాయి. పైఆకులు మాత్రమే తెంపి చూస్తే గ్రాఫే తప్పుతుంది, ఒక్కో మొక్క నుంచి పై, మధ్య, కింది ఆకులు మూడూ తీయాలి.

చాటును తీసేసి చూడటం

ఉన్న స్థిరత్వానికి చాటే కారణమని నమ్మేముందు కాలిఫోర్నియా ఎర్ర పొలుసు పురుగు సంగతి చూడాలి. దాన్ని అదుపు చేస్తున్నది పొలుసు పురుగు మీద గుడ్లు పెట్టి దాన్ని చంపే అఫిటిస్ మెలినస్ అనే సన్నని కందిరీగ, 1956–57లో భారత్, పాకిస్తాన్‌ల నుంచి తీసుకెళ్లినదే. నిమ్మజాతి చెట్ల బయటి కొమ్మల మీద పొలుసు పురుగు ఏళ్ల తరబడి తక్కువగా, నిలకడగా ఉంటుంది. చెట్టు లోపలి కొమ్మల మీద, కాండం మీద మాత్రం విపరీతంగా ఉంటుంది, అక్కడ కందిరీగ పని తక్కువ. చూడగానే చాటే బయటి నిలకడకు కారణం అనిపిస్తుంది. విలియం ముర్డాక్ బృందం కొన్ని చెట్ల లోపలి పొలుసు పురుగులను తొలగించి చూసింది. బయటి జనాభా అలాగే నిలకడగా ఉంది. చాటు ఉంది, పెద్దదే, కానీ ఆ నిలకడకు అది అవసరం కాలేదు. ఎదిగిన పొలుసు పురుగుకు కందిరీగ తాకిడి తగలకపోవడం, కందిరీగ తరం పొలుసు పురుగు తరం కంటే చాలా వేగంగా తిరగడం ముఖ్య కారణాలని తర్వాతి పనిలో తేలింది. ఒకరకంగా వయసు కూడా చాటే, చెట్టులో ఎక్కడా కనబడని చాటు.

అందుకే రెండు మూడు వరసల్లో చాటును చేత్తో తీసేసి, మిగతా వరసలతో పోల్చకుండా తీర్పు ఇవ్వకూడదు.

పాలీహౌస్‌కు దీన్ని అన్వయిస్తే

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల గులాబీ, జెర్బెరా పెంచే పాలీహౌస్‌లలో ఎర్రనల్లి విషయంలో చూడాల్సినవి ముఖ్యంగా మూడు, రెండు చాట్లు, ఒక మేత సమస్య. మొదటిది దారం. ఇది ఏ వేటనల్లిని వదిలారన్న దానిపై ఆధారపడిన చాటు. ఫైటోసియులస్ పెర్సిమిలిస్, మన దగ్గర సహజంగా ఉండే నియోసియులస్ లాంగిస్పైనోసస్ దారంలో చొరబడి తింటాయి. ఆంబ్లీసియస్ స్విర్స్కీ లాంటివి దారంలో చిక్కుపడతాయి, వాటి ముందు ఎర్రనల్లికి పెద్ద వాటా చాటు దొరికినట్టే. పై రెండో ఫిర్యాదు, అంటే రెండూ ఉండి రెండూ కదలకపోవడం, ఇలాంటి చోట సహజం. ఇంకో విడత వదిలినా సమతూకం మారదు, వదిలినవి కొన్నాళ్లకు పాత సంఖ్యకే చేరుకుంటాయి. దారం బాగా కట్టిన ఆకులు కోసి సంచిలో మూసి బయట పారేయడం, లేదా జాతి మార్చడం పని చేస్తుంది. టమాటా అయితే ఆకు నూగు దారం కంటే పెద్ద అడ్డు, దాని జిగురు గ్రంథులకు పెర్సిమిలిస్ కూడా అంటుకుపోతుంది.

రెండోది వేడి. ఏప్రిల్, మేల్లో మొక్క పైభాగం ఎండి వేడెక్కుతుంది, ఎర్రనల్లికి అదే ఇష్టం. పెర్సిమిలిస్ గుడ్లు గాలిలో తేమ 60 శాతం కంటే తగ్గితే సరిగా పొదగవు, అది కింది ఆకులకు దిగిపోతుంది. కొమ్మ పైభాగమంతా చాటైపోతుంది. ఈ చాటును మధ్యాహ్నం సన్నని తుంపరతో, షేడ్ నెట్‌తో తగ్గించవచ్చు. రాత్రి ఆకు తడిగా ఉండేలా తుంపర ఇస్తే బూజు తెగుళ్లు వస్తాయి కాబట్టి సాయంత్రం నాలుగు లోపలే ఆపాలి.

మూడోది నత్రజని. ఇది చాటు కాదు, హఫేకర్ కాగితానికి తిరగేసిన పని. ఎక్కువ నత్రజనితో లేతగా పెరిగిన ఆకు ఎర్రనల్లి గరిష్ఠ మితిని పెంచేస్తుంది. మొదటి ఫిర్యాదు వచ్చే తోటల్లో, అంటే తినేసి చచ్చిపోయే చోట, ముందుగా ఎరువు షెడ్యూలు అడగాలి. ఎరువు సరిచేయకుండా వేటనల్లి సంఖ్య పెంచితే పతనం ఇంకా త్వరగా వస్తుంది.

మొదటి ఫిర్యాదుకే రెండో మందు, సంఖ్య చాటును మనమే కట్టడం. పాలీహౌస్ రెండు చివర్లా కుండీల్లో చిక్కుడు మొక్కలు పెట్టి, వాటి మీద ఎర్రనల్లిని వలపంజరాల్లో తక్కువ సంఖ్యలో బతికించి, వారానికోసారి మిగులును పక్కనే వదిలిన వేటనల్లుల కుండీలకు ఇవ్వాలి. చాటు ఎంత పెద్దదో కచ్చితంగా మన చేతిలో ఉంటుంది, పంట మీదికి ఎరను తేవాల్సిన పని లేదు. వల కన్ను తామర పురుగును ఆపేంత సన్నగా ఉండాలి, అతుకులు జిగురుతో మూయాలి. అతుకు వదులైతే వేటనల్లి లోపలికి దూరి రెండు మూడు రోజుల్లో నిల్వంతా ఖాళీ చేస్తుంది. కుండీలను నీళ్లూ రెండు చుక్కల సబ్బూ కలిపిన పళ్లెంలో నిలబెట్టాలి. ఎర్రనల్లి దారం పట్టుకుని గాలికి తేలే జీవి కాబట్టి ఈ కుండీలు ఫ్యాన్ ఎదురుగా ఉండకూడదు. పైరెత్రాయిడ్ మందు ఏది కొట్టినా ఈ ఏర్పాటంతా వృథా. అది ఆకు అడుగున దారం కింద ఉన్న ఎర్రనల్లిని చాలావరకు వదిలేసి, ఆరుబయట తిరిగే వేటనల్లిని చంపుతుంది.

పర్యవేక్షణకు వారానికోసారి ఒక్కో వరసలో పది మొక్కలు, మొక్కకు మూడు ఆకులు చాలు. ఆకుకు ఎర, వేటనల్లి, దారం ఉందా లేదా, ఈ మూడు గడులు రాసుకోవాలి. ఒక వేటనల్లికి పది ఎరల దరిదాపుల్లో ఉంటే కదిలించకుండా వదిలేయవచ్చు. నిష్పత్తి బాగుండి ఎర వరసగా రెండు వారాలు పెరిగితే దారం గడి చూడాలి. దారం లేకుండానే పెరిగితే ఆ వారం తేమ రీడింగూ, అంతకు ముందు వారం ఎరువు మోతాదూ చూడాలి.